ఐదు తూములు, ఒకటే చెరువు

పోయిన నెలలో మా చిన్నమ్మ కొడుకు నాకొక ఎక్సెల్ షీటు పంపించాడు. "అన్నా, ఒకసారి చూసి చెప్పు. సోమవారం రిజైన్ చేద్దామనుకుంటున్నా" అని కింద ఒక ముక్క.

వాడు చదివింది బీకాం. వెబ్ డెవలప్‌మెంట్ వాడికి ఎవరూ నేర్పలేదు. డిగ్రీ రెండో ఏడాదిలో స్నేహితుడి ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టి, వీడియోలు చూసీ, పక్కవాళ్ళ కోడ్ తిరగేసీ సొంతంగా నేర్చుకున్నాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేస్తున్నాడు. జీతం తక్కువే, కానీ ఒకటో తారీకున పడుతుంది. చిన్నమ్మ వాళ్ళ ఇంటి లోను ఆ జీతం మీదే నడుస్తోంది.

షీటులో ఐదు వరుసలున్నాయి. ఫ్రీలాన్స్ సైటులో ప్రాజెక్టులు. టెంప్లేట్ల అమ్మకం. పాఠాల సైటు మీద ప్రకటనలు. అదే సైటులో హోస్టింగూ పుస్తకాలూ సిఫారసు చేస్తే వచ్చే అఫిలియేట్ కమీషన్. యూట్యూబ్. ప్రతి వరుసకీ ఎదురుగా ఒక అంకె, అన్నిటి కింద మొత్తం. ఆ మొత్తం వాడి జీతానికి మూడు రెట్లుంది. "ఒకటి పోయినా ఇంకా నాలుగుంటాయి గదా అన్నా" అన్నాడు ఫోన్లో.

నాకు వెంటనే "వద్దురా" అనాలనిపించింది. పెద్దవాళ్ళం అందరం చేసే పని అదే కదా. కానీ "ఎందుకు వద్దు?" అని వాడు ఎదురడిగితే చెప్పడానికి నా దగ్గర భయం తప్ప కారణమేమీ లేదు. అందుకని వాణ్ణి రెండు రోజులాగమని చెప్పి, ఈ దారిలో వాడికంటే ముందు నడిచినవాళ్ళ సంగతేమైందో చూద్దామని కూర్చున్నాను. వాడికి చెప్పిన కథే ఇక్కడ కొంచెం సర్ది రాస్తున్నాను. కొంచెం పెద్ద టపా, ఓపిక పట్టండి.

ముందుగా ఒక పోలిక. మాది ఓరుగల్లు వైపు. మా ఊరి చెరువుకి రెండు తూములున్నాయి. తూము తీసి ఏ పొలానికి ఎన్ని నీళ్ళు వదలాలో చూసుకునే మనిషిని నీరటి అంటారు. రెండు తూములున్నాయి కదా అని మా ఊరి రైతులెవరూ "మాకు రెండు నీటి వనరులున్నాయి" అని చెప్పుకోరు. చెరువు ఎండితే రెండూ ఎండుతాయని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

కథ వెబ్ పుట్టకముందే మొదలవుతుంది. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే ఆయన ఉండేవాడు. చదివింది లా, చేస్తున్నది పుస్తకాలూ పత్రికల పని. ఐబిఎం పీసీ కొత్తగా వస్తే ఒకటి కొనుక్కుని, ఒక పుస్తకం విషయంలో ఇంకొకరితో ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకోవాల్సి వచ్చి, బేసిక్ నేర్చుకుని 'పీసీ-టాక్' అని ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాడు. దాన్ని కంపెనీలకి అమ్మే బదులు, కాపీలు చేసి ఎవరికైనా ఇచ్చుకోండి, నచ్చితే మాత్రం నాకు డబ్బు పంపండి అన్నాడు. ప్రజల చందాలతో నడిచే అక్కడి టీవీ చానెల్‌ని చూసి వచ్చిన ఆలోచన అది.

దాదాపు అదే సమయంలో సియాటిల్ వైపు జిమ్ నాఫ్ అనే ఐబిఎం ఉద్యోగి 'పీసీ-ఫైల్' అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌ని ఇలాగే పంచాడు. మొదట ఆయన అడిగింది పది డాలర్లు. తర్వాత ఈ ఇద్దరూ ఒకరి గురించి ఒకరు తెలుసుకుని, ఒకరి ప్రోగ్రామ్ గురించి ఇంకొకరు చెప్పుకునేలా, ఇద్దరూ 25 డాలర్లే అడిగేలా మాట్లాడుకున్నారు. మనం ఇప్పుడు షేర్‌వేర్ అనేదానికి పునాది అక్కడ పడింది.

నాకు ఈ కథలో నచ్చింది ధర కాదు. నాఫ్ 1984 దాకా ఐబిఎం ఉద్యోగం మానలేదు. పగలు ఉద్యోగం, రాత్రి ఇంట్లో డిస్కెట్లు కాపీ చేసి కవర్లలో పెట్టడం. రెండో పని మీద వచ్చేది జీతాన్ని ఎన్నో రెట్లు దాటిపోయి, ఇక రెండూ మొయ్యలేను అనుకున్నాకే మానేశాడు. అంటే షీటులో అంకె వేసి మానెయ్యలేదు, బ్యాంకులో అంకె చూసి మానేశాడు. ఇంకో సంగతి, కొన్నవాళ్ళ పేర్లూ చిరునామాలూ ఆయన దగ్గరే ఉండేవి. డబ్బు పంపినవాళ్ళు నేరుగా ఆయనకే పంపేవారు. మధ్యలో నీరటి లేడు. ఈ రెండో సంగతి ఎంత ముఖ్యమో అప్పట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వేరే పద్ధతి ఇంకా పుట్టలేదు.

తర్వాత వెబ్ వచ్చింది. 1990ల మధ్యలో వెబ్ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది సొంతంగా నేర్చుకున్నవాళ్ళే, ఎందుకంటే ఏ కాలేజీలోనూ అది పాఠం కాదు. నచ్చిన పేజీ కనబడితే 'వ్యూ సోర్స్' నొక్కి చూసుకోవడమే బడి. రాస్మస్ లెర్‌డార్ఫ్ తన రెజ్యూమె ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి రాసుకున్న చిన్న స్క్రిప్టులే 1995లో పీహెచ్‌పీగా బయటికొచ్చాయి. మన వాడిలాంటి లక్షలమందికి అన్నం పెట్టింది ఆ భాషే.

డబ్బు సంపాదించే దారులు కూడా ఆ రెండేళ్ళలోనే పడ్డాయి. 1994 అక్టోబరులో 'హాట్‌వైర్డ్' సైటు మీద మొదటి బ్యానర్ ప్రకటనలు కనబడ్డాయి. 1996 జులైలో అమెజాన్ తన అసోసియేట్స్ పథకం పెట్టింది: మీ పేజీలో మా పుస్తకానికి లంకె వెయ్యండి, ఎవరైనా కొంటే మీకు వాటా ఇస్తాం అని. అంటే వెబ్‌మాస్టర్ అనే మనిషికి మూడు ఆదాయాలు తయారయ్యాయి. ఊళ్ళోవాళ్ళకి సైటు చేసిపెట్టడం, బ్యానర్, కమీషన్.

ఆ మూడూ ఎంత వేరువేరో 2000లో తేలింది. ఆ మార్చిలో 5000 దాటిన నాస్‌డాక్ 2002 అక్టోబరు నాటికి 1100 దగ్గరికి పడిపోయింది. సైట్లు చేయించుకునేది డాట్‌కామ్ కంపెనీలే, బ్యానర్లు వేసేదీ డాట్‌కామ్ కంపెనీలే. చెరువు ఎండింది, తూములన్నీ ఒకేసారి ఎండాయి. 2001 సంగతి మనవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బెంచి మీద కూర్చుని రోజులు లెక్కపెట్టినవాళ్ళూ, సామాను అమ్మేసి విమానం ఎక్కినవాళ్ళూ ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు.

అన్నట్టు, అదే కాలంలో అమీర్‌పేటలో ఇంకో రకం ఆదాయం పెరుగుతూ ఉండేది. పొద్దున ఏడింటికి క్లాసు చెప్పి, తొమ్మిదింటికి ఆఫీసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ క్లాసు చెప్పే మాస్టార్లు. వాళ్ళు తమది బహుళ ఆదాయం అనుకోలేదు, ఇంటి అద్దె అనుకున్నారు. ఆఫీసులో నేర్చుకున్నదే క్లాసులో చెప్పేవారు, క్లాసులో అడిగిన ప్రశ్నలే ఆఫీసులో పనికొచ్చేవి. ఒకదాని నీళ్ళు ఇంకోదానిలోకి పారేవి. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

2003 ఒక విచిత్రమైన సంవత్సరం. మేలో వర్డ్‌ప్రెస్ వచ్చింది. జూన్‌లో గూగుల్ యాడ్‌సెన్స్ అందరికీ తెరిచింది. అంతకు ముందు ప్రకటన కావాలంటే ఎవరితోనో మాట్లాడుకోవాలి. ఇప్పుడు నాలుగు లైన్ల జావాస్క్రిప్టు అతికిస్తే చాలు. వంద డాలర్లు దాటగానే పోస్టులో చెక్కు వచ్చేది. ఆ మొదటి చెక్కు ఫొటో తీసి పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. బ్యాంకులో వెయ్యడానికే మనసొప్పేది కాదు!

తెలుగులో రాసేవాళ్ళకి మాత్రం ఆ చెక్కు చాలా ఏళ్ళు రాలేదు. యాడ్‌సెన్స్ తెలుగు భాషకి అధికారికంగా తలుపు తీసింది 2018లో. అంటే పదిహేనేళ్ళు ఆలస్యం. వెబ్ పని సొంతంగా నేర్చుకున్న తెలుగువాడు డబ్బు కావాలంటే ఇంగ్లీషులో రాయాలి, తెలుగులో రాస్తే తృప్తితో సరిపెట్టుకోవాలి. తూము ఎక్కడుండాలో నిర్ణయించేది మనం కాదని తెలుగు వెబ్‌కి అప్పుడే తెలుసు, పేరు పెట్టి అనుకోలేదంతే.

ఇక ఇంగ్లీషు సైట్ల సంగతి. 2011 ఫిబ్రవరిలో గూగుల్ 'పాండా' అనే మార్పు తెచ్చింది. అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల ఫలితాలు మారాయని గూగులే చెప్పింది. చెత్త సైట్లను కిందకి నెట్టడం దాని ఉద్దేశం. చెత్త కానివాటికి ఏమవుతుందో తర్వాత తెలిసింది. 1999 నుంచి నడుస్తున్న 'మెటాఫిల్టర్' అనే మంచి పేరున్న సైటు ఉంది, పెట్టినాయన మ్యాట్ హావీ. దాని రాబడిలో పెద్ద భాగం గూగుల్ ప్రకటనలదే. 2012 నవంబరులో ఒక రోజు నుంచి గూగుల్ ద్వారా వచ్చే జనం దాదాపు 40 శాతం పడిపోయారు. ఎందుకో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఏడాదిన్నర ఓపిక పట్టి, 2014 మేలో ఆయన కొందరు ఉద్యోగుల్ని తీసెయ్యాల్సి వచ్చింది. జనాన్ని పంపేదీ గూగులే, ఆ జనానికి ప్రకటన చూపి డబ్బిచ్చేదీ గూగులే. చెరువూ దానిదే, తూమూ దానిదే, నీరటీ దాని మనిషే.

"నాకు అఫిలియేట్ కూడా ఉంది గదా, అది అమెజాన్" అంటారేమో. 2020 ఏప్రిల్లో, కరోనా మొదటి లాక్‌డౌన్ రోజుల్లో, అమెజాన్ అమెరికాలో కమీషన్లు కోసేసింది. ఫర్నిచర్, ఇంటి సామాను మీద 8 శాతం ఉన్నది 3 శాతం అయింది. కిరాణా సరుకుల మీద 5 ఉన్నది 1 అయింది. వారం రోజుల ముందు ఒక ఈమెయిలు, అంతే. పైగా అమెజాన్ లంకె నొక్కే మనిషి మీ పేజీకి వచ్చిందే గూగుల్లో వెతికి. కాబట్టి అది రెండో చెరువు కాదు, మొదటి చెరువుకే ఇంకో కాలువ. ఆ కాలువకి అడ్డుకట్ట వేసే హక్కు ఇంకొకరికి అదనంగా ఉంది.

ఫ్రీలాన్స్ చరిత్ర దీనికంటే మనకి దగ్గర. ఈలాన్స్ 1990ల చివర్లో, ఓడెస్క్ 2003లో మొదలయ్యాయి. 2013 చివర్లో కలిసిపోయి, 2015లో అప్‌వర్క్ అని పేరు మార్చుకున్నాయి. డిగ్రీ సర్టిఫికెట్ అడగకుండా పని ఇచ్చిన మొదటి తలుపులు ఇవి. ఆ మేలు మరిచిపోకూడదు. విజయవాడలోనో కరీంనగర్లోనో కూర్చుని డాలర్లలో సంపాదించడం అంతకు ముందు ఊహకి అందని విషయం.

కానీ పోటీదార్లు ఇద్దరూ ఒకటైతే ఏమవుతుంది? 2016లో అప్‌వర్క్ తన వాటా మార్చింది. అంతకు ముందు పది శాతం ఉండేది. కొత్త లెక్కలో ఒక్కో క్లయింటు దగ్గర మొదటి 500 డాలర్ల మీద 20 శాతం, ఆపైన పదివేల దాకా 10, ఆ తర్వాత 5. పెద్ద పనులు చేసేవాడికి లాభం, చిన్న చిన్న పనులతో మొదలుపెట్టేవాడికి దెబ్బ. సొంతంగా నేర్చుకున్నవాడు ఎప్పుడూ చిన్న పనులతోనే మొదలుపెడతాడు. 2023లో మళ్ళీ అందరికీ 10 అన్నారు. 2025లో కాంట్రాక్టుని బట్టి మారేలా చేశారు. ఎక్కువా తక్కువా అని కాదు నా బాధ. ఈ మార్పుల్లో దేనికీ పనిచేసేవాణ్ణి అడగలేదు.

మన దేశంలో ఉన్నవాళ్ళకి ఇంకో గొట్టం సమస్య ఉండేది. పని దొరికింది, చేశాం, క్లయింటు డబ్బిచ్చాడు. అది ఇక్కడికి ఎలా రావాలి? చాలామందికి పేపాల్ ఒక్కటే దారి. 2010 ఫిబ్రవరిలో పేపాల్ ఇండియా బ్యాంకులకి డబ్బు పంపడం ఉన్నట్టుండి ఆపేసింది. దాదాపు నెల పట్టింది మళ్ళీ మొదలవడానికి. ఆ నెలలో ఐదు దేశాల్లో ఐదుగురు క్లయింట్లు ఉన్నవాడికీ, ఒక్క క్లయింటు ఉన్నవాడికీ తేడా లేదు. ఇద్దరి డబ్బూ ఒకే చోట ఇరుక్కుంది.

ఆ తర్వాత రిజర్వు బ్యాంకు నిబంధనలొచ్చాయి. 2011 మార్చి నుంచి ఒక్కో చెల్లింపు 500 డాలర్లు మించకూడదు. వచ్చిన డబ్బు వారంలోగా బ్యాంకులోకి మార్చుకోవాలి. ఆ డబ్బుతో అక్కడే డొమైనో హోస్టింగో కొనుక్కోవడానికి వీల్లేదు. 1200 డాలర్ల పనికి మూడు ఇన్వాయిసులు రాసి, ఎందుకు మూడని క్లయింటుకి వివరించిన రోజులవి. ఆ పరిమితి అదే ఏడాది అక్టోబరులో 3000కి, 2013లో 10,000కి పెరిగింది. నిబంధనల వెనక కారణాలు ఉండొచ్చు, కాదనను. నేను చెప్పేది ఒక్కటే. ఆదాయం ఎన్ని చోట్ల నుంచి వస్తోందో లెక్కపెట్టేవాళ్ళు, అది ఎన్ని గొట్టాల్లోంచి ఇంటికి చేరుతోందో లెక్కపెట్టరు.

ఇక టెంప్లేట్ల అమ్మకం. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ఎన్వాటో కంపెనీ మొదట పెట్టింది 'ఫ్లాష్‌డెన్' అనే అంగడి. ఫ్లాష్‌లో చేసిన బటన్లు, ప్లేయర్లు, మెనూలు అక్కడ అమ్ముకునేవారు. తర్వాత 2008లో 'థీమ్‌ఫారెస్ట్' పెట్టారు. 2010 ఏప్రిల్లో స్టీవ్ జాబ్స్ ఐఫోన్లో ఫ్లాష్ ఎందుకు పెట్టమో బహిరంగంగా రాశాడు. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌ని పూర్తిగా ఆపేసింది. అంగడి నడిపేవాడికి ఫ్లాష్ పోయినా థీములున్నాయి, ఫొటోలున్నాయి, వీడియోలున్నాయి. నిజమైన బహుళ ఆదాయం వాడిది. ఫ్లాష్ మెనూలు మాత్రమే చేసి పెట్టినవాడికి ఆ సరుకుతో పాటు ఆ విద్య కూడా పోయింది.

అక్కడే ఇంకో తమాషా. తమ దగ్గరే తప్ప ఇంకెక్కడా ఆ సరుకు అమ్మనని మాటిచ్చిన రచయితకి ఎక్కువ వాటా, నాలుగు చోట్ల అమ్ముకునేవాడికి తక్కువ వాటా. అంటే ఒక్క బుట్టలోనే గుడ్లన్నీ పెట్టినందుకు బహుమానం అన్నమాట. వ్యాపారంగా అది తప్పేం కాదు. కానీ "నాకు పదిహేను థీములున్నాయి, పదిహేను ఆదాయాలు" అనుకునేవాడు ఆ షరతు చదివి సంతకం పెట్టాలి.

పాఠాలు అమ్ముకునే దారి 2010లో యుడెమీతో తెరుచుకుంది. దాని లెక్క ఈ మొత్తం చరిత్రకి సారాంశంలా అనిపిస్తుంది నాకు. పాఠం చెప్పినవాడు తన లంకె ద్వారా విద్యార్థిని తెచ్చుకుంటే అతనికి 97 శాతం. విద్యార్థి యుడెమీలో వెతుక్కుని వచ్చి కొంటే 37 శాతం. అదే పాఠం, అదే వీడియో, అదే కష్టం. మధ్యలో ఉన్న 60 శాతం దేనికి? మనిషిని తెచ్చినందుకు. వెబ్ మీద ఖరీదైనది సరుకు కాదు, కొనేవాడు ఎవరికి తెలుసు అన్నది. 1984లో జిమ్ నాఫ్ ఇంట్లో ఉన్న చిరునామాల డబ్బా విలువ ఎంతో ఈ రెండు అంకెల మధ్య కనబడుతుంది.

చందాలతో బతకొచ్చు కదా అనే వాదన ఒకటుంది. 2014 ఏప్రిల్లో 'హార్ట్‌బ్లీడ్' లోపం బయటపడినప్పుడు ప్రపంచానికి ఒక సంగతి తెలిసింది. సగం ఇంటర్నెట్ ఆధారపడ్డ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి అప్పటిదాకా ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2000 డాలర్లు. 2019లో గిట్‌హబ్ స్పాన్సర్స్ వచ్చాక కొంత మారింది, కొందరికి బాగానే మారింది. కానీ దాన్ని ఇంటి లోను కట్టే షీటులో వరుసగా రాసుకోవద్దు అని మావాడికి గట్టిగానే చెప్పాను.

చివరి అధ్యాయం మీకూ తెలిసిందే. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. స్టాక్ ఓవర్‌ఫ్లో మీద కొత్త ప్రశ్నలు భారీగా తగ్గిపోయాయి. 2024 నుంచి గూగులే వెతుకులాట పేజీ పైన జవాబు రాసి చూపించడం మొదలుపెట్టింది. పాఠాల సైటుకి రావాల్సిన మనిషి జవాబు చదువుకుని అక్కణ్ణుంచే వెళ్ళిపోతున్నాడు. మనిషి రాకపోతే ప్రకటన లేదు, కమీషన్ లేదు. చిన్న టెంప్లేటు అడిగేవాడు ఇప్పుడు అడిగి చేయించుకుంటున్నాడు. ఐదు వందల డాలర్ల ఫ్రీలాన్స్ పని కూడా అదే దారి పడుతోంది. గూగుల్, అమెజాన్, అప్‌వర్క్, ఎన్వాటో వేరువేరు చెరువులే అనుకుందాం. కింద భూగర్భజలం ఒకటేనని ఈ రెండు మూడేళ్ళలో తెలిసింది.

మరి అందరూ మునిగిపోయారా? లేదు. బతికి బాగుపడినవాళ్ళ కథలు కూడా చూశాను. వాటిల్లో ఒక పోలిక కనిపించింది.

'37 సిగ్నల్స్' జేసన్ ఫ్రీడ్ కుర్రాడిగా ఉన్నప్పుడు తన పాటల డిస్కుల లెక్క చూసుకోవడానికి ఫైల్‌మేకర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ చేసుకుని, నచ్చితే 20 డాలర్లు పంపండి అని ఏఓఎల్‌లో పెట్టాడు. నాఫ్ పద్ధతే. తర్వాత 1999లో షికాగోలో కొందరితో కలిసి వెబ్ డిజైన్ కంపెనీ పెట్టాడు. క్లయింటు పనులు గందరగోళమై, వాటిని సర్దుకోవడానికి తమకోసమే ఒక పనిముట్టు చేసుకున్నారు. అదే 2004లో 'బేస్‌క్యాంప్'. అది కట్టేటప్పుడు బయటపడిన కోడే 'రూబీ ఆన్ రెయిల్స్'. అలా పనిచేయడం గురించి రాసుకున్న మాటలే 2006లో పీడీఎఫ్‌గా సొంత సైటులో అమ్మిన పుస్తకం. బేస్‌క్యాంప్ రాబడి తమను పోషిస్తుందని తేలాకే క్లయింటు పనులు ఆపారు.

ఓరుగల్లు వైపు కాకతీయుల కాలం నుంచీ గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే (కొన్ని చోట్ల అలుగు పారడం అంటారు) ఆ నీళ్ళు కింది చెరువులో చేరతాయి, అది నిండితే ఇంకా కిందిదానికి. ఎవరూ ఐదు చెరువులు ఒకేసారి నింపడానికి బిందెలతో పరిగెత్తరు. మొదటిది నిండాలి. 37 సిగ్నల్స్ కథ గొలుసుకట్టు కథ. అమీర్‌పేట మాస్టారి కథ కూడా అదే. మావాడి షీటులో ఉన్నది మాత్రం ఒకే చెరువుకి కొట్టిన ఐదు తూములు.

ఇంకో ఉదాహరణ పీటర్ లెవెల్స్. బిజినెస్ చదివి, కోడింగ్ సొంతంగా నేర్చుకున్న డచ్చివాడు. 2014లో నెలకొకటి చొప్పున పన్నెండు ప్రాజెక్టులు చేస్తానని బయల్దేరాడు. అందులో నిలబడింది 'నోమాడ్ లిస్ట్'. అది మొదట అందరూ కలిసి నింపిన ఒక స్ప్రెడ్‌షీట్ మాత్రమే. డెబ్భైకి పైగా ప్రాజెక్టులు చేస్తే డబ్బు తెచ్చి పెరిగినవి నాలుగేనని తనే చెప్పుకున్నాడు. ఆ నాలుగే చూసినవాళ్ళం మనం. షీటులో వరుసకొక అంకె వేసేటప్పుడు పదిహేడింట్లో ఒకటి అనే లెక్క కూడా వేసుకోవాలి.

ఇదంతా చెప్పి, మావాణ్ణి షీటులో ఇంకో నిలువు గడి చేర్చమన్నాను. పైన "నీరటి ఎవరు?" అని రాయమన్నాను. ప్రతి వరుసకీ, ఆ తూము ఒక్క ఈమెయిలుతో మూసెయ్యగలిగేది ఎవరో రాయాలి. వాడు నింపి పంపాడు. ప్రకటనలు: గూగుల్. యూట్యూబ్: గూగుల్. అఫిలియేట్: అమెజాన్, బ్రాకెట్లో గూగుల్. టెంప్లేట్లు: అంగడివాడు. ఫ్రీలాన్స్: అప్‌వర్క్. ఐదు వరుసల్లోనూ "నేను" అని ఎక్కడా లేదు. కొనేవాడి ఫోను నంబరో ఈమెయిలో వాడి దగ్గరున్న వరుస ఒక్కటీ లేదు.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "సరే అన్నా, మరి జీతం వరుసకి నీరటి ఎవరు?"

నిజం చెప్పొద్దూ, ఈ ప్రశ్నకి నేను సిద్ధంగా లేను. 2022లో మూన్‌లైటింగ్ గొడవ గుర్తుండే ఉంటుంది. ఆగస్టులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ అది మోసమేనని ట్వీటు పెట్టాడు. సెప్టెంబరులో ఆ కంపెనీ 300 మందిని తీసేశామంది. ఇన్ఫోసిస్ కూడా తన ఉద్యోగులకి హెచ్చరిక పంపింది. పోటీ కంపెనీకి పనిచేయడం తప్పేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ మన ఒప్పందాలు చదివితే రెండో చెరువు తవ్వుకోవద్దనే షరతు చాలావాటిలో ఉంటుంది. ఆ తర్వాతి ఏడాదే ప్రపంచమంతా లేఆఫ్‌లు చూశాం. ఒక్క తూమే ఉన్నవాడికి ఐదు తూములవాణ్ణి ఎగతాళి చేసే హక్కు లేదు. నేను ఇరవై ఏళ్ళుగా ఒక్క తూము కిందే సేద్యం చేస్తున్నాను.

కాబట్టి వాడికి "వద్దు" అని చెప్పలేదు. మూడు మాటలు చెప్పాను. ఒకటి, నీ ఉద్యోగ ఒప్పందం ముందు పూర్తిగా చదువు, ఏది రాసిపెట్టి అనుమతి అడగాలో అడుగు. రెండు, ఐదూ పక్కన పెట్టి, నువ్వు మొహం చూసి మాట్లాడగలిగే ముగ్గురు క్లయింట్లను వెతుక్కో, మధ్యలో ఏ సైటూ లేకుండా. మీ వీధిలో డయాగ్నొస్టిక్ సెంటరుంది, మామయ్యకి తెలిసిన విత్తనాల షాపుంది. ఏడాది నిర్వహణకింత అని మాట్లాడుకో. వాళ్ళకి మళ్ళీ మళ్ళీ కావాల్సింది ఏదో కనబడితే అది నీ రెండో చెరువు. మూడు, లోను కంతులు ఆరింటికి సరిపడా డబ్బు బ్యాంకులో వేరుగా కనబడేదాకా సోమవారం సంగతి ఎత్తకు.

సోమవారం వాడు రిజైన్ చెయ్యలేదు. డయాగ్నొస్టిక్ సెంటరువాళ్ళు రిపోర్టులు వాట్సాప్‌లో వెళ్ళేలా చెయ్యగలవా అని అడిగారట. ధర ఎంత చెప్పాలో తెలియక నాకు ఫోను చేశాడు. నాకూ తెలియలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా పనికి నేను ధర చెప్పిన సందర్భం ఒక్కటీ లేదు మరి. ఆ రాత్రి నా పేరు మీద కూడా ఒక షీటు తెరిచాను. ప్రస్తుతానికి అందులో ఒకటే వరుస ఉంది, నీరటి గడిలో మా కంపెనీ పేరుంది.